ఆగా: పేరా, పదవా, బిరుదా?

2024 జులై 28న హైదరాబాద్‌లో కుతుబ్ షాహీ సమాధుల పునరుద్ధరణ పూర్తయిన సందర్భంగా జరిగిన కార్యక్రమానికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డితో పాటు ప్రిన్స్ రహీమ్ ఆగాఖాన్ హాజరయ్యారు. ఏడు నెలలు తిరగకముందే, 2025 ఫిబ్రవరి 4న, ఆయన తండ్రి లిస్బన్‌లో కన్నుమూశారు. ఆ వెంటనే రహీమ్ 'ఐదో ఆగాఖాన్' అయ్యారని వార్తలొచ్చాయి. చాలామందికి తికమక ఇక్కడే. అప్పటికే ఆగాఖాన్ అయిన మనిషి మళ్లీ ఆగాఖాన్ కావడమేమిటి? ఇది ఇంటిపేరా, పదవా? పాకిస్తాన్ సైనిక పాలకుడు ఆగా మహమ్మద్ యాహ్యా ఖాన్ పేరులోనూ, శ్రీనగర్ ఎంపీ ఆగా సయ్యద్ రుహుల్లా మెహ్దీ పేరులోనూ, నాంపల్లి దగ్గరి ఆగాపురా పేరులోనూ ఉన్న ఆగా ఇదేనా?

క్లుప్తంగా చెప్పాలంటే, 'ఆగా' మధ్య ఆసియాలో అన్నను పిలిచే పిలుపు. టర్కీలో అది సేనానికి, అంతఃపుర అధికారికి, భూస్వామికి బిరుదైంది. ఇరాన్‌లో దిగివచ్చి మామూలు 'అయ్యా', 'శ్రీ' స్థాయిలో స్థిరపడింది. షియా ముస్లింలలో ఒక శాఖ అయిన ఇస్మాయిలీల మతాధిపతులు, అంటే ఇమామ్‌ల వంశంలో మాత్రం తరతరాల వారసత్వ బిరుదుగా నిలిచింది. ఏ దేశంలోనూ దానికి ఒకే హోదా ఎక్కువ కాలం అంటిపెట్టుకుని లేదు.

అన్నతో మొదలు

మంగోలియన్‌లో అన్నను ఇప్పటికీ 'అఖ్' అంటారు. ఉజ్బెక్‌లో 'అకా' అంటారు. సైబీరియాలోని సఖా భాషలో దానికి దగ్గరి మాటే తండ్రిని సూచిస్తుంది. ఈ మాట మంగోల్ నుంచి టర్కిక్ భాషలకు వెళ్లిందా, అటు నుంచి ఇటు వచ్చిందా అన్న వాదన భాషావేత్తల మధ్య నడుస్తూనే ఉంది. అర్థం విషయంలో మాత్రం పేచీ లేదు. వయసులో పెద్దవాడు, ఇంట్లో మాట చెల్లేవాడు.

చెంఘిజ్ ఖాన్ వారసుల కాలంలో ఇది కుటుంబం గడప దాటి రాజకీయాల్లోకి వచ్చింది. వంశంలోని రాజకుమారులందరినీ కలిపి 'ఆకా, ఇనీ' అనేవారు, అంటే అన్నలూ తమ్ముళ్లూ. పెద్ద నిర్ణయం ఏదైనా వీళ్లంతా కూడి చేయాలన్నది కట్టుబాటు. 1251లో మోంగ్కే సర్వాధికారి అయినప్పుడు అందరికంటే బరువుగా పనిచేసింది వోల్గా తీరాన్ని ఏలుతున్న బాతు మాట. బాతు సింహాసనం ఎక్కలేదు. వంశంలో అందరికీ 'ఆకా' కావడమే ఆయన బలం. ఇరాన్‌ను ఏలిన మంగోల్ శాఖ కొలువు ద్వారా ఈ వాడుక పారశీక రాతల్లోకి చేరింది.

బంధుత్వపు మాట అధికారపు మాటగా మారడం తెలుగు పాఠకులకు కొత్త సంగతి కాదు. ఎన్టీ రామారావు అందరికీ 'అన్నగారు' అయ్యారు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు 'అన్నలొచ్చారు' అంటే నక్సలైట్లు వచ్చారని అర్థం. ప్రభుత్వం ఇచ్చే హోదాకు జీవో కావాలి, జీతం కావాలి. అన్న కావడానికి నలుగురు అలా పిలిస్తే చాలు. ఆగా అన్ని దేశాల్లో, అన్ని వర్గాల్లో ఇంత సులువుగా ఒదిగిపోవడానికి మూలం ఇదే. దాన్ని ఇవ్వడానికి రాజు అక్కర్లేదు కాబట్టి తీసేయడం కూడా రాజు చేతిలో లేదు.

సమర్‌ఖండ్‌లో రాణుల బిరుదు

ఆగా అంటే మీసాలు దువ్వే మగ దొరే అనుకుంటే సమర్‌ఖండ్‌లోని షాహీ జిందా సమాధుల వీధి ఆ అభిప్రాయాన్ని తిరగరాస్తుంది. నీలి పలకలు తాపిన ఆ సమాధుల్లో ఒకటి తైమూర్ మేనకోడలు షాదీ ముల్క్ ఆగాది. ఆమె 1371లో చనిపోయింది. ఇంకొకటి తైమూర్ చెల్లెలు షిరిన్ బికా ఆగాది, మరొకటి ఆయన భార్య తూమాన్ ఆగా కట్టించినది. తైమూర్ వంశంలో ఆగా అంటే గొప్పింటి స్త్రీ. ఆ తర్వాత మొఘల్ స్థాపకుడు బాబర్ ఇంట్లో 'ఆగాచా' అనే రూపం కనిపిస్తుంది. అది పట్టపురాణులకు ఒక మెట్టు కింద ఉండే స్త్రీలకు వాడేది. ఇరాన్ పాలకుడు షా తహ్మాస్ప్ పంపగా బాబర్ అంతఃపురానికి చేరిన గుల్నార్ ఆగాచా, నార్‌గుల్ ఆగాచా అలాంటివారే.

నూటయాభై ఏళ్ల వ్యవధిలో, ఒకే వంశంలో, బిరుదు ఒక మెట్టు దిగిందన్నమాట. పైనున్నవారికి 'బేగం', 'ఖానుమ్' లాంటి కొత్త మాటలు వచ్చాక పాతది కిందివారికి మిగిలింది. గౌరవ వాచకాలన్నిటికీ ఉన్న జబ్బే ఇది. ఎక్కువమంది వాడేకొద్దీ విలువ తగ్గుతుంది, తగ్గిన కొద్దీ పైవాళ్లు కొత్తది వెతుక్కుంటారు.

ఒట్టోమన్ కొలువు: ఒకవైపు కత్తి, మరోవైపు అంతఃపురం

ఆగా అన్న మాటకు కొలతలు, హద్దులు పెట్టి పదవిగా బిగించే ప్రయత్నం గట్టిగా చేసింది ఒట్టోమన్ సామ్రాజ్యమే. అక్కడ గౌరవ వాచకాలు పనిని బట్టి చీలాయి. చదువుతో, కలంతో బతికేవాళ్లు ఎఫెండీలు. సైన్యంలోనూ సుల్తాన్ ఇంటి కొలువులోనూ పనిచేసేవాళ్లు ఆగాలు. వీళ్లకు పైన బేలు, అన్నిటికీ పైన పాషాలు. ఎఫెండి నిజానికి గ్రీకు నుంచి వచ్చిన మాట. టర్కిష్ బిరుదులన్నీ టర్కిష్ మాటలే కావాలని లేదు.

ఆగాల్లో అందరికంటే భయపెట్టేవాడు యెనిచెరి ఆగా, అంటే సుల్తాన్ కాలిబంటు సేన జానిసరీల అధిపతి. యుద్ధం లేనప్పుడు ఇస్తాంబుల్ నగర పోలీసు పని ఆయనదే. కొయ్య ఇళ్ల ఆ నగరంలో మంటలు లేచినప్పుడు ఆర్పించే బాధ్యత కూడా ఆయనదే. అంటే మారణాయుధాలున్న సేన, రాజధాని వీధులు, రెండూ ఒకే మనిషి చేతిలో ఉండేవి. జానిసరీలు తిరగబడితే సుల్తాన్ సింహాసనమే కదిలిపోయేది. చివరకు 1826లో రెండో మహమూద్ ఆ దళాన్ని ఫిరంగులతో అణచి రద్దు చేశాడు. ఆ పనిలో సుల్తాన్‌కు కుడిభుజంగా నిలిచిన హుసేన్ పాషా స్వయంగా ఒకప్పటి జానిసరీ ఆగా. సులేమానియే మసీదు పక్కనున్న ఆగా నివాసాన్ని ఖాళీ చేయించి దేశపు ప్రధాన మతాధికారి కార్యాలయానికి ఇచ్చారు. ఒక కొలువు ముగిసిందని చాటడానికి అంతకంటే గట్టి దండోరా ఉండదు.

రెండోవైపు అంతఃపురం. అక్కడ పెద్ద అధికారి 'కిజ్లర్ ఆగాసీ', అమ్మాయిల ఆగా. చిన్నప్పుడే నపుంసకుడిని చేసి ఆఫ్రికా నుంచి బానిసగా తెచ్చినవాడు. ఈ హోదాకు బలం కేవలం సుల్తాన్ తల్లికి, భార్యలకు దగ్గరగా ఉండడం వల్ల రాలేదు. 16వ శతాబ్దం చివర్లో మక్కా, మదీనాల పేర సామ్రాజ్యమంతటా ఉన్న ధర్మాదాయ ఆస్తుల అజమాయిషీ ఈ అధికారికి అప్పగించారు. ఈజిప్టు పొలాల కౌలు, బాల్కన్ ఊళ్ల ఆదాయం అన్నీ ఆయన లెక్కల్లోంచే వెళ్లేవి. రహస్యాలూ డబ్బూ ఒకేచోట చేరితే ఏమవుతుందో హాజీ బెషీర్ ఆగా చరిత్ర చూపిస్తుంది. 1717 నుంచి 1746లో చనిపోయే దాకా దాదాపు మూడు దశాబ్దాలు ఆయన అదే పదవిలో ఉన్నాడు. ఆ కాలంలో ప్రధాన వజీర్లు చాలామంది వచ్చారు, పోయారు. వాళ్లలో కొందరి రాకపోకలకు కారణం ఆయనే.

జానిసరీలు పోయాక ఆగా హోదా పలచబడింది. 19వ శతాబ్దంలో కొత్త సైన్యంలో చదువు రాకుండా పైకొచ్చిన అధికారిని ఆగా అనీ, బడిలో చదివి వచ్చినవాడిని ఎఫెండి అనీ పిలిచేవారు. ఒకప్పుడు నగరాన్ని వణికించిన మాట ఇప్పుడు 'చదువు లేదు' అని మర్యాదగా చెప్పడానికి పనికొచ్చింది.

ఇదే కాలంలో బాల్కన్‌లో మరో రూపం తీసుకుంది. బోస్నియాలో ఆగా అంటే భూస్వామి. ఆయన పొలం దున్నే రైతు 'క్మెత్'. పంటలో మూడో వంతు ఆగాకు చెల్లేలా 1859లో ఒట్టోమన్ ప్రభుత్వం నియమావళి రాసింది. 1878లో ఆస్ట్రియా-హంగరీ వచ్చినా ఈ పాలు పద్ధతి పోలేదు, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతే తెగింది. అక్కడి ఇంటిపేర్ల చివర వచ్చే 'ఆగిచ్' ఆ నాటి గుర్తే.

ఇరాన్‌లో రెండు అక్షరాల తేడా

పారశీక లిపిలో ఆగాను రెండు రకాలుగా రాస్తారు. ఒకటి 'ఖాఫ్' అక్షరంతో, రెండోది 'గైన్' అక్షరంతో. టెహ్రాన్ ఉచ్చారణలో రెండూ ఒకేలా వినబడతాయి. కానీ రాతలో తేడా చిన్నది కాదు. మొదటిది మామూలు మగవాడికి, దొరకు, అయ్యగారికి. రెండోది అంతఃపుర నపుంసకులకు, కొన్ని సందర్భాల్లో స్త్రీలకు.

ఈ రెండో అక్షరం ఒక చక్రవర్తి పేరుకు శాశ్వతంగా అతుక్కుపోయింది. ఖాజార్ వంశ స్థాపకుడు ఆగా మహమ్మద్ ఖాన్‌ను శత్రువులు చిన్నతనంలోనే నపుంసకుడిని చేశారు. యౌవనమంతా షీరాజ్‌లో బందీగా గడిపి, 1779లో తప్పించుకుని, ఇరాన్‌ను ఒక్కటి చేసి, టెహ్రాన్‌ను రాజధానిగా నిలిపి, 1796లో కిరీటం పెట్టుకున్నాడు. మరుసటి ఏడే షూషాలో సేవకుల చేతుల్లో హతమయ్యాడు. రాజయ్యాక కూడా పేరు ముందు గైన్‌తో రాసిన ఆగా పోలేదు. పిల్లలు లేరు కాబట్టి సింహాసనం తమ్ముడి కొడుకు ఫతే అలీ షాకు దక్కింది. ఆయన ప్రస్తావన మళ్లీ వస్తుంది.

ఖాజార్ కాలంలో బిరుదుల జాతర నడిచింది. 1851లో ప్రధాని అయిన మీర్జా ఆగా ఖాన్ నూరీ పేరు చూస్తే చాలు. మీర్జా గౌరవ వాచకం, ఆగా గౌరవ వాచకం, ఖాన్ గౌరవ వాచకం, నూరీ అంటే నూర్ అనే ఊరివాడు. అసలు పేరు నస్రుల్లా. చరిత్ర పుస్తకాల్లో అది ఎక్కడో ఒక మూలన ఉంటుంది. ఈ పేరులోని 'ఆగా ఖాన్'కూ ఇస్మాయిలీ ఆగాఖాన్‌కూ చుట్టరికం లేదని గుర్తుంచుకోవాలి.

1925లో ఇరాన్ పార్లమెంటు పెద్ద పెద్ద బిరుదులను రద్దు చేసి, అందరికీ ఇంటిపేరు తప్పనిసరి చేసింది. ఇరుగుపొరుగుకైనా, మంత్రికైనా ఒకే సంబోధన కావలసి వచ్చింది. ఆ ఖాళీలోకి ఆగా వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఇంటిపేరు ముందు 'ఆగా-యె' అంటే శ్రీ. వీధి చివర కిరాణా కొట్టు హసన్‌ను మాత్రం అలా పిలవరు, 'హసన్ ఆగా' అంటారు. ముందు వస్తే దూరం, మర్యాద. సొంతపేరు పక్కన వస్తే చనువు కలిసిన మర్యాద. మగపిల్లల బడిలో టీచర్‌ను పిలిచేది కూడా 'ఆగా' అనే. 'ఆగా, ఎజాజే?' అంటే 'సార్, అనుమతి ఇస్తారా?' అన్న మాటే.

1979 విప్లవం వచ్చిన కొత్తలో దొరతనం వాసన వేస్తోందని 'బరాదర్' అంటే సోదరుడు అన్న పిలుపును కార్యకర్తలు ముందుకు తెచ్చారు. కార్యాలయాల్లో, సైన్యంలో అది కొన్నాళ్లు నడిచింది, బజారులో ఆగాను కదిలించలేకపోయింది. మూలంలో ఆగా కూడా సోదరుడే అన్న సంగతి అప్పటికి ఎవరికి గుర్తుండాలి? తర్వాత మతాధికారులకు 'హాజ్ ఆగా' స్థిరపడింది. అధికారుల పలుకుబడితో వ్యాపారాలు, ఉద్యోగాలు పట్టే కొడుకులకు జనం పెట్టిన పేరు 'ఆగాజాదే', ఆగాగారి బిడ్డ. ఇప్పుడది ఇరాన్ రాజకీయాల్లో తిట్టుతో సమానం.

మర్యాద పేరు వంశ బిరుదైన తీరు

1817లో ఇరాన్‌లోని యాజ్ద్‌లో జరిగిన గొడవలో ఇస్మాయిలీలలో పెద్ద వర్గమైన నిజారీల ఇమామ్ షా ఖలీలుల్లా హత్యకు గురయ్యారు. కొడుకు హసన్ అలీ షా అప్పటికి పదమూడేళ్లవాడు. తల్లి న్యాయం కోసం కొలువుకు వెళ్లింది. పైన చెప్పిన ఫతే అలీ షా హంతకులను శిక్షించి, పిల్లవాడికి తన కూతురునిచ్చి, ఖుమ్ ప్రాంతపు పాలన అప్పగించి, 1818లో 'ఆగా ఖాన్' అని బిరుదిచ్చాడు. ఇందులో మత పదవి ఏమీ లేదు. రాజు అల్లుడికి దక్కిన కొలువు మర్యాద అది. ఇమామత్ మాత్రం ఆ వంశంలో అంతకు ముందే శతాబ్దాలుగా ఉంది.

తర్వాతి షా కాలంలో కొలువుతో చెడి, తిరుగుబాటు ఓడి, హసన్ అలీ షా 1840ల మొదట్లో అఫ్ఘానిస్తాన్ మీదుగా సింధ్ చేరారు. అక్కడ బ్రిటిష్ వారికి తోడ్పడ్డారు. చివరకు బొంబాయిలో స్థిరపడ్డారు. 1866లో బొంబాయి హైకోర్టులో ఖోజాలలో, అంటే ఇస్మాయిలీ మార్గం పట్టిన భారతీయ వ్యాపార సమాజంలో, ఒక వర్గం ఆయన అధికారాన్ని సవాలు చేసింది. జడ్జి జోసెఫ్ ఆర్నాల్డ్ తీర్పు ఆయన పక్షాన వచ్చింది. ఇరాన్ రాజు ఇచ్చిన బిరుదు ఇరాన్‌లో ఆధారం కోల్పోయి, బ్రిటిష్ భారతంలో కోర్టు తీర్పుతో, ప్రభుత్వ గుర్తింపుతో మళ్లీ వేళ్లూనింది. ఈ మలుపు లేకపోతే ఇది కూడా ఖాజార్ కాలపు వందల బిరుదుల్లో ఒకటిగా మాసిపోయేది.

మనవడు మూడో ఆగాఖాన్ 1885 నుంచి 1957 దాకా ఆ స్థానంలో ఉన్నారు. ముస్లిం లీగ్ తొలి అధ్యక్షుడు, 1937లో నానాజాతి సమితి సభకు అధ్యక్షుడు ఆయనే. పుణెలో ఆయన కట్టించిన భవనంలోనే 1942లో గాంధీని, కస్తూర్బాను, హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడిని నిర్బంధించారు. కస్తూర్బా 1944 ఫిబ్రవరి 22న అక్కడే కన్నుమూశారు. 'ఆగాఖాన్ ప్యాలెస్' పేరు తెలుగు పాఠ్యపుస్తకాల దాకా వచ్చింది ఆ దారిలోనే. మూడో ఆగాఖాన్ తన వీలునామాలో కొడుకును పక్కనబెట్టి, ఇరవై ఏళ్ల మనవడు కరీంను, అంటే రహీమ్ తండ్రిని, వారసుడిగా ప్రకటించారు. పెద్దకొడుక్కే దక్కాలన్న నియమం ఇక్కడ లేదు. ఉన్న ఇమామ్ ఎవరిని చెబితే వారే.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు తేలిక. యూరప్‌లో స్థిరపడ్డాక ఈ కుటుంబం బిరుదునే ఇంటిపేరుగా వాడుకుంటోంది. అందుకే రహీమ్ ముందు నుంచీ ప్రిన్స్ రహీమ్ ఆగాఖాన్. సంఖ్యతో వచ్చే 'ఐదో ఆగాఖాన్' మాత్రం ఒక సమయంలో ఒక్కరికే చెందుతుంది. ఆయనే నిజారీల యాభయ్యో ఇమామ్. హైదరాబాద్‌లో సమాధులను బాగుచేసిన ట్రస్టు పేరులోనూ, శంషాబాద్ దగ్గరి అకాడమీ పేరులోనూ ఉన్నది ఈ బిరుదే. ఇక్కడ ఇంకో చిన్న ముడి ఉంది. గోల్కొండను ఏలిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చిన తుర్క్‌మెన్ వంశీయుడు. 'కులీ' టర్కిక్ మాటే, సేవకుడని అర్థం. ఆగా పేరున్న సంస్థ బాగుచేసినది ఆ వంశం సమాధులను.

చట్టం కొట్టేసింది, ఊరు ఉంచుకుంది

టర్కీలో 1934 నవంబర్ 26న వచ్చిన 2590వ నంబర్ చట్టం బిరుదులన్నిటినీ నిషేధించింది. రద్దయినవాటి జాబితాలో మొట్టమొదటి మాట ఆగా. ఆ తర్వాతే హాజీ, హాఫిజ్, హోజా, మొల్లా, ఎఫెండి, బే, పాషా, హానుమ్. ఆ ఏడే ఇంటిపేర్ల చట్టం వచ్చింది. 1982 రాజ్యాంగం 174వ అధికరణం ఈ నిషేధానికి ప్రత్యేక రక్షణ కూడా ఇచ్చింది. కాగితం మీద ఇంత గట్టి చట్టం ఉన్నా బే, హానుమ్ లేకుండా ఇస్తాంబుల్ ఆఫీసుల్లో ఒక్క పూట గడవదు. అన్నను పిలిచే 'ఆబీ'లో దాగి ఉన్నది కూడా 'ఆగా బే'నే. టాక్సీ డ్రైవర్‌ను, టీ కొట్టు మనిషిని అందరూ పిలిచేది అలాగే. రాతలో ఉన్న 'గ' టర్కిష్ నోట్లో కరిగి దీర్ఘంగా మిగిలిపోయింది.

ఆగ్నేయ టర్కీలో కథ వేరు. 1858 ఒట్టోమన్ భూచట్టం పొలాలను పేర్ల మీద నమోదు చేయమంది. పన్నుకూ సైన్యంలో చేర్చుకుంటారన్న భయానికీ జడిసి చాలామంది రైతులు నమోదుకు దూరంగా ఉన్నారు. తెగ పెద్దలు, ఊరి మోతుబరులు ఆ భూములను తమ పేర రాయించుకున్నారు. పిలుపుగా ఉన్న ఆగా అక్కడ పట్టాగా మారింది. ఎన్నికలు వచ్చాక ఊరంతటి ఓట్లు గంపగుత్తగా ఇప్పించగలవాడు ఏ పార్టీకైనా అవసరమే అయ్యాడు. 1960 సైనిక కుట్ర తర్వాత ఆగాలు, షేక్‌లతో కలిపి 55 మందిని పశ్చిమ ప్రాంతాలకు పంపేశారు, కొద్దికాలానికే తిరిగి రానిచ్చారు. 1985లో కుర్దు సాయుధులపై పోరుకు ఊరి కాపలాదారుల వ్యవస్థ పెట్టినప్పుడు మనుషులను సమకూర్చడానికి ప్రభుత్వం వెళ్లింది మళ్లీ ఆ తెగ పెద్దల దగ్గరికే. బిరుదును నిషేధించిన రాజ్యం బిరుదున్నవాడి సాయం లేకుండా ఆ కొండల్లో పాలన చేయలేకపోయింది.

జనం మాత్రం ఆగాను నవ్వుతూనే చూశారు. 'నువ్వూ ఆగావే, నేనూ ఆగానే, ఆవు పాలు పితికేదెవరు?' అన్నది టర్కిష్ సామెత. 'అందరూ అందలం ఎక్కితే మోసేదెవరు?' అని మనవాళ్లు అన్నదీ అదే. ఆగా అన్నాక ఖర్చు పెట్టాలన్న నమ్మకం కూడా అక్కడ బలంగా ఉంది. ఎదిర్నే నగరంలో ఏటా జరిగే కిర్క్‌పినార్ నూనె కుస్తీల్లో ఇది కళ్లకు కడుతుంది. ఒంటికి ఆలివ్ నూనె పూసుకుని పట్టే ఈ కుస్తీలను 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. అక్కడ పొట్టేలును వేలం వేస్తారు. ఎక్కువ పాడినవారు తర్వాతి పోటీలకు 'ఆగా'. అతిథుల మర్యాదలు ఆయన పేర జరుగుతాయి, పిలుపుగా అడుగున ఎర్రరంగు వేసిన కొవ్వొత్తులు పంపే ఆచారం ఉంది. చట్టం నిషేధించిన మాటను ఊరేగింపుతో, వేలంపాటతో, అధికారుల సమక్షంలోనే ఏటా కట్టబెడుతున్నారు.

మన ఉపఖండంలో ఆనవాలు

ఇటువైపు ఆగాకు భూమితో గానీ సేనతో గానీ పని లేదు. అది ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే గుర్తు. ఇరాన్ నుంచి వచ్చిన కిజిల్‌బాష్ (ఒకప్పటి షియా సైనిక తెగల) కుటుంబాలు దాన్ని పేరు ముందు నిలుపుకున్నాయి. 1969 నుంచి 1971 దాకా పాకిస్తాన్‌ను ఏలిన యాహ్యా ఖాన్‌ది అలాంటి కుటుంబమే. కశ్మీర్‌లో బడ్గామ్ ఆగాలు తరాలుగా షియా మతపెద్దలు. 2024లో శ్రీనగర్ నుంచి ఎంపీగా గెలిచిన రుహుల్లా మెహ్దీ ఆ ఇంటివారే. అక్కడ ఆగా సయ్యద్ వంశపు గౌరవాన్ని మోస్తుంది, ఓట్ల లెక్కలోనూ దానికి చోటుంది. ఇరాన్‌లో అదే పిలుపు కిరాణా కొట్టు హసన్‌కూ చెల్లుతుంది కాబట్టి, బడ్గామ్ నుంచి ఇరాన్‌లోని షియా విద్యాకేంద్రం ఖుమ్‌కు చదువుకు వెళ్లిన కుర్రవాడు అక్కడ అందరిలో ఒక ఆగా మాత్రమే.

వార్తల్లో ఈ మాట కనబడినప్పుడు దేశంతో పాటు చోటును కూడా చూస్తే సగం చిక్కు విడిపోతుంది. టర్కీలో అది పేరు వెనక వస్తుంది, చాలావరకు పల్లెటూరి పెద్దమనిషి. ఇరాన్‌లో ఇంటిపేరు ముందు వస్తే వట్టి శ్రీ. భారత, పాకిస్తాన్‌లలో పేరు ముందు వస్తే వంశం. ఖాన్‌తో కలిసి సంఖ్యతో వస్తే ఇస్మాయిలీ ఇమామ్. సంఖ్య లేకపోతే ఆ కుటుంబంలో ఎవరైనా కావచ్చు, 1851 నాటి ఆ ప్రధాని లాంటి వేరెవరైనా కావచ్చు.